పూల్ పంపు స్పీడు ఫోన్ నుంచి మార్చాలంటే వైరింగు ఎట్ల చేయాలె? (నలుగురి చర్చ. ప్రతి భాగం మీద ఉన్నది రాసినవాళ్ల పేరు.)

మడికొండ తోట:

మడికొండ అవతల తోట ఇంట్ల ఈతకొలను ఉన్నది. 8 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.3 మీటర్లు. అంటే 42 వేల లీటర్లకు కొంచెం తక్కువ. 24 అంగుళాల శాండ్ ఫిల్టర్, మల్టీపోర్ట్ వాల్వు (ఫిల్టరు నీటి దారి మార్చేది), సాల్ట్ క్లోరినేటర్ (ఉప్పు నీటి నుంచి క్లోరిన్ తయారుచేసేది) ఉన్నయి. పంపు 1.5 హెచ్‌పీ సింగిల్ ఫేజు, కెపాసిటర్ మోటారు. టైమర్ మీద రోజుకు 6 గంటలు ఫుల్ స్పీడుల నడుస్తున్నది, ఒక్క పంపుకే రోజుకు 8 యూనిట్లు దాటుతున్నది.

స్పీడు మార్చే పంపు పెట్టి, ఇంట్ల ఉన్న హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలను ఫోన్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి నడపాలని ఉన్నది. ఇంటి మెయిన్ బోర్డు నుంచి పంపు రూముకు 28 మీటర్లు. నేల కింద 25 మి.మీ. పైపు ఒకటి పాతదున్నది, అందుల 2.5 చదరపు మి.మీ. వైరు పోయింది. ఇంకో పైపు వేసే జాగ ఉన్నది. వైఫై పంపు రూముకు అందుతది గానీ అంత గట్టిగ లేదు.

నా ప్రశ్నలు: ఉన్న మోటారుకే వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు స్పీడు మార్చే డ్రైవు) పెట్టొచ్చా? పంపు లైనుకు ఒక స్మార్ట్ కాంటాక్టర్ (ఫోన్ నుంచి నడిచే పెద్ద స్విచ్చు) పెట్టి ఆన్, ఆఫ్ చేస్తే సరిపోదా? స్పీడు మార్చడానికి రిలే (కరెంటుతో నడిచే చిన్న స్విచ్చు) మంచిదా, ఆర్‌ఎస్-485 (రెండు తీగల మీద డేటా పంపే పద్ధతి) మంచిదా? వైఫై పోతే పంపు ఏమైతది?

ప్యానెల్ పని:

ఉన్న మోటారుకు వీఎఫ్‌డీ పెట్టకండి. కెపాసిటర్ మోటారుల రెండో వైండింగుకు కావాల్సిన ఫేజు తేడాను ఆ కెపాసిటరే తెస్తది. దాని విలువ 50 హెర్ట్జ్‌కు లెక్కగట్టి పెట్టింది. ఫ్రీక్వెన్సీ తగ్గంగనే ఆ తేడా చెడుతది, టార్కు పడిపోతది, మోటారు మూలుగుతూ వేడెక్కుతది. వీఎఫ్‌డీ నుంచి వచ్చే పల్సులకు కెపాసిటర్ కూడా ఎక్కువ రోజులు ఆగదు. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది పెడదామనే ఆలోచన ఇంకా చెడ్డది.

కాబట్టి దారులు రెండు. ఒకటి, డ్రైవు మోటారు మీదనే బిగించి వచ్చే ఇన్వర్టర్ పూల్ పంపు. రెండోది, 3 ఫేజు మోటారున్న పంపు కొని, బయట వీఎఫ్‌డీ పెట్టుడు. రెండో దారి రిపేరుకు సులువు. డ్రైవు పోతే డ్రైవు, మోటారు పోతే మోటారు, దేనికది మారుతది. మోటారు సీలు, బేరింగు హన్మకొండలనే దొరుకుతయి.

3 ఫేజు మోటారు తీసుకుంటే ఒకటి తప్పక చూడాలె. మీ ఇంటి సప్లై సింగిల్ ఫేజు అయితే, 230 వోల్టుల డ్రైవు బయటికి ఇచ్చేది కూడా 230 వోల్టుల 3 ఫేజే. మన దగ్గర చిన్న మోటార్లు మామూలుగా 415 వోల్టులకు స్టార్ కనెక్షనుల (మూడు వైండింగుల చివరలు ఒక్కచోట ముడి వేసి) వస్తయి. టెర్మినల్ బాక్సు మూత తీసి చూడండి. ఆరు స్టడ్లు ఉండి, నేమ్‌ప్లేట్ మీద 240/415 అని డెల్టా, స్టార్ గుర్తులు రెండూ ఉంటే పట్టీలు మార్చి డెల్టా (ఒక వైండింగు చివర ఇంకోదాని మొదలుకు కలిపి) చేయొచ్చు. 1.5 హెచ్‌పీకి డెల్టాల సుమారు నాలుగున్నర ఆంపియర్లు వస్తది. డ్రైవుల మోటారు కరెంటు సెట్టింగు నేమ్‌ప్లేట్ మీది డెల్టా విలువనే ఉండాలె, స్టార్ విలువ కాదు. మూడే వైర్లు బయటికి వచ్చి, స్టార్ ముడి లోపలనే వేసి ఉంటే ఆ మోటారు 230 డ్రైవుకు పనికిరాదు. కొనకముందే మూత తీయించుకొని చూడండి. తోటల వ్యవసాయ సర్వీసు 3 ఫేజు ఉంటే దాని నుంచి లాగుదామని ఎవరన్నా చెప్తరు. వద్దు. అది పంటకు ఇచ్చిన ఉచిత కరెంటు, ఈతకొలనుకు కాదు.

ఇగ స్మార్ట్ కాంటాక్టర్ సంగతి. స్పీడు మార్చే ఏ పంపుకైనా లోపల రెక్టిఫయర్, దాని ఎనుక పెద్ద డీసీ కెపాసిటర్లు ఉంటయి. 230 వోల్టులు ఇస్తే లోపల సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తది. కరెంటు తీసి ఇచ్చిన ప్రతిసారీ ఆ కెపాసిటర్లు ఖాళీ నుంచి నిండుతయి, చార్జింగు సర్క్యూట్ మీద భారం పడుతది. రోజుకు ఒక్కసారయితే తట్టుకుంటది. ఆటోమేషన్ పెట్టి గంటకు నాలుగుసార్లు చేస్తే ముందు పోయేది అదే. అందుకని మెయిన్ సప్లై ఎప్పుడూ ఆన్‌లనే ఉండాలె. నడువు, ఆగు, ఇంత స్పీడు అనే మాటలన్నీ కంట్రోల్ వైరు మీదనే పోవాలె. డ్రైవుకు, మోటారుకు నడుమ కాంటాక్టర్ అసలే వద్దు. నడుస్తుండగా అది తెరుచుకుంటే డ్రైవు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు దెబ్బ.

వైరు విషయంల చాలామంది పప్పుల కాలేస్తరు. మోటారు నాలుగున్నర ఆంపియర్లే కదా అని 2.5 చదరపు మి.మీ. చాలనుకుంటరు. సింగిల్ ఫేజు డ్రైవు కరెంటును సైన్ అల లెక్క కాకుండా ఎత్తు శిఖరాలుగ గుంజుతది. 1.5 కిలోవాట్ డ్రైవు నేమ్‌ప్లేట్ మీద ఇన్‌పుట్ 15 ఆంపియర్ల చుట్టుపక్కల రాసి ఉంటది. అందుకని 28 మీటర్లకు 4 చదరపు మి.మీ. రాగి వైరు, మూడు తీగలు వేయండి. 15 ఆంపియర్ల మీద కూడా వోల్టేజి పడేది 5 వోల్టుల లోపలే. బోర్డుల 20 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడే స్విచ్చు), దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్చు), ఆ రెండూ కలిసిన ఆర్‌సీబీఓ అయినా సరే. అది పంపుకు ఒక్కదానికే ఉండాలె.

ఆర్‌సీసీబీ కొనేటప్పుడు ముందువైపు ముద్రించిన గుర్తు చూడండి. ఒట్టి సైన్ అల ఒక్కటే ఉంటే అది ఏసీ టైపు. డ్రైవు నుంచి లీకయ్యే కరెంటుల డీసీ కలిస్తే దాని కోరు మొద్దుబారిపోతది, నిజంగ షాక్ కొట్టినప్పుడు పడకపోవచ్చు. సైన్ అల కింద సగం అలల గుర్తు కూడా ఉంటే అది ఏ టైపు. సింగిల్ ఫేజు డ్రైవుకు కనీసం ఏ టైపు కావాలె, ఎఫ్ టైపు దొరికితే ఇంకా మంచిది. 3 ఫేజు ఇన్‌పుట్ డ్రైవుకయితే బీ టైపు.

పంపు రూముల, చేతికి అందే చోట రెండు పోళ్ల ఐసొలేటర్ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే స్విచ్చు) పెట్టండి, తాళం వేసే రకం. ఈ ఒక్కదాంట్ల రాజీ పడొద్దు. బాస్కెట్ కడగడానికి మనిషి పంపు మూత తీసి చేయి పెట్టిన టైములనే ఇంట్ల కూర్చున్న ఫోన్ పంపు స్టార్ట్ చేయొచ్చు. ఆటోమేషన్ పెట్టినంక ఆగి ఉన్న పంపును ఆగి ఉన్నదని నమ్మొద్దు. డ్రైవు మూత తీయాలంటే ఐసొలేటర్ దించినంక కనీసం 5 నిమిషాలు ఆగాలె, లోపలి డీసీ దిగాలె.

డ్రైవు, బోర్డు, సాకెట్లు ఏవైనా సరే కొలను అంచు నుంచి 2 మీటర్లు, దాని అవతల ఇంకో 1.5 మీటర్లు, ఆ మూడున్నర మీటర్ల బయటనే పెట్టండి. ఎర్తు తీగ పంపు బాడీకి, నిచ్చెన ఇనుముకు, పట్టుకునే రైలింగుకు అన్నిటికీ ఒకటే పాయింటుకు కలవాలె. పంపుకు వేరే, నిచ్చెనకు వేరే ఎర్తు గుంత తవ్వి వదిలిపెడితే రెండింటి నడుమ వోల్టేజి తేడా నిలిచే ప్రమాదం ఉంటది, తడి కాళ్ల మనిషికి అదే ప్రాణాంతకం. చెలక నేలల ఎండాకాలం ఎర్తు రెసిస్టెన్సు పెరుగుతది. మే నెలల ఒక్కసారి ఎర్త్ టెస్టర్ పెట్టించి కొలిపించండి. గాలివానల కాలం మనకు పిడుగులు ఎక్కువ, కాబట్టి బోర్డుల టైపు 2 సర్జ్ ప్రొటెక్టర్ కూడా ఉండాలె.

నీటి లెక్క:

వైరింగు సంగతి పైన బాగ చెప్పిన్రు. ఏ స్పీడు దేనికి అనేది తేలకుండా రిలేలు ఎన్ని కావాల్నో తేలదు.

పూల్ పంపు నీళ్లను తిప్పి మళ్లీ అదే నీటిమట్టానికి తెస్తది, ఎత్తుకు ఎక్కించదు. పైపుల రాపిడి ఒక్కటే భారం. అందుకని సూత్రం సూటిగ పనిచేస్తది: నీటి ధార స్పీడుతో సమానంగ తగ్గుతది, ప్రెజరు స్పీడు వర్గంతో, పవరు స్పీడు ఘనంతో. ఇదే లెక్క మిద్దె మీది ట్యాంకు మోటారుకు వేస్తే తప్పు. అక్కడ స్పీడు ఒక హద్దు దిగితే నీళ్లు పైకే ఎక్కవు.

మీ పంపు 50 హెర్ట్జ్ మీద, అంటే ఫుల్ స్పీడుల, గంటకు సుమారు 15 ఘనపు మీటర్లు ఇస్తున్నదనుకుందాం. ప్రెజరు గేజి చదివి, పంపు కర్వుల చూసి మీ అంకె వేసుకోండి. 30 హెర్ట్జ్ మీద ధార 60 శాతం, అంటే 9 ఘనపు మీటర్లు. పవరు 0.6 ఘనం, అంటే 0.216 వంతు. 1.4 కిలోవాట్లు గుంజేది కాగితం మీద 0.3కి దిగుతది. డ్రైవు, మోటారు నష్టాలు కలిపి 0.38 అనుకోండి. 10 గంటలు నడిపితే 90 ఘనపు మీటర్ల నీళ్లు ఫిల్టరు నుంచి పోతయి, కొలను రెండుసార్లకు పైన తిరిగినట్టు. 4 యూనిట్ల లోపల అయిపోతది. ఇప్పుడు 6 గంటలల అదే నీటికి మీరు 8 యూనిట్లు పెడుతున్నరు.

అయితే అన్ని పనులు 30 మీద కావు. స్టార్ట్ అయినప్పుడు పంపు నీటిమట్టం కన్నా ఎత్తున ఉంటే 3 నుంచి 5 నిమిషాలు 50 హెర్ట్జ్ మీదనే నడవాలె, లేకుంటే గొట్టంల గాలి బయటికి పోదు. బ్యాక్‌వాష్‌కు (నీళ్లు ఎదురు తిప్పి ఫిల్టరు కడుగుడుకు) ఇసుక లేవాలె. ప్రతి చదరపు మీటరుకు గంటకు సుమారు 37 ఘనపు మీటర్ల ధార ఉంటేనే ఇసుక లేస్తది. 24 అంగుళాల ఫిల్టరుకు వైశాల్యం 0.29 చదరపు మీటర్లు, అంటే గంటకు 11 ఘనపు మీటర్లు. మీకు 37 హెర్ట్జ్ కింద బ్యాక్‌వాష్ కాదు. సైట్ గ్లాసుల నీళ్లు తేటగ కనిపించినయని ఆపేస్తరు, నిజానికి మురికి లోపలనే ఉంటది. 45 పెట్టండి. స్కిమ్మర్ మీద ఆకులు, పూత గుంజాలంటే రోజుకు ఒక గంట 40 కావాలె. చెట్ల కింద కొలను అయితే రెండు గంటలు.

సాల్ట్ క్లోరినేటర్ ఫ్లో స్విచ్చే మీ కనీస స్పీడును తేలుస్తది. 50 నుంచి రెండు రెండు హెర్ట్జ్ దించుకుంట పోండి. ఫ్లో లేదని అలారం వచ్చిన చోటికి 3 హెర్ట్జ్ కలిపి దాన్ని కింది హద్దుగ డ్రైవులనే కట్టేయండి. ఫిల్టరు మురికి పట్టినంక ధార ఇంకా తగ్గుతది కాబట్టి ఈ పరీక్ష బ్యాక్‌వాష్ చేసిన మర్నాడు కాదు, చేయబోయే ముందు రోజు పెట్టుకోవాలె. అలారం ఎంత కిందికి రాకున్నా 20 హెర్ట్జ్ కన్నా దిగొద్దు. మోటారు ఎనుక ఫ్యాను అదే షాఫ్టు మీద తిరుగుతది, గాలి చాలదు.

మల్టీపోర్ట్ హ్యాండిలు పంపు నడుస్తుండగా తిప్పితే లోపలి స్పైడర్ గ్యాస్కెట్ చిరుగుతది. బ్యాక్‌వాష్‌ను ఫోన్ మీద పెట్టుకోవద్దు, అది చేతి పనే. క్లోజ్డ్ పొజిషన్ల ఉన్నప్పుడు పంపు స్టార్ట్ అయితే నీళ్లు కదలవు, సీలు మాడుతది. ఫిల్టరు మీద ప్రెజరు స్విచ్చు పెట్టి డ్రైవు ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ ఇన్‌పుట్‌కు నేరుగ కలపండి, హోమ్ అసిస్టెంట్ నుంచి కాదు.

కాజీపేట మోడ్‌బస్:

రిలేనా, ఆర్‌ఎస్-485నా అంటే నా మాట రెండూ. ఎందుకో చెప్త.

రిలే తీరు ఇది. డ్రైవు డిజిటల్ ఇన్‌పుట్లకు డ్రై కాంటాక్టు (బయటి వోల్టేజి లేని ఒట్టి స్విచ్చు) చాలు, ఆ 24 వోల్టులు డ్రైవు తానే ఇస్తది. ఒక ఇన్‌పుట్ రన్, రెండు ఇన్‌పుట్లు మల్టీ స్పీడ్. రెండు కాంటాక్టుల కలయికతో నాలుగు స్పీడులు: రెండూ తెరిచి ఉంటే 30, మొదటిది మూస్తే 40, రెండోది మూస్తే 45, రెండూ మూస్తే 50. నీటి లెక్క అన్న చెప్పిన పనులన్నీ ఈ నాలుగింట్ల అయిపోతయి. పొరపాటున కూడా ఆ ఇన్‌పుట్లకు 230 వోల్టులు తగలొద్దు, కంట్రోల్ బోర్డు అక్కడికక్కడే పోతది. ఇంకోటి, మార్కెట్ల దొరికే నీలం డబ్బా రిలేలు 10 ఆంపియర్ల కాంటాక్టులు. డ్రైవు ఇన్‌పుట్‌ల పారేది కొన్ని మిల్లీఆంపియర్లే. అంత తక్కువ కరెంటుకు కాంటాక్టు మీది తుప్పు పొర కాలిపోదు. పంపు రూము గాలికి ఏడాది తిరగకముందే రిలే టక్కుమంటది గానీ డ్రైవుకు వినపడదు. బంగారు పూత కాంటాక్టులున్న సిగ్నల్ రిలే వాడండి, లేదంటే ఆప్టో కప్లర్ అవుట్‌పుట్.

రిలేల లోటు ఏందంటే, తిరిగి సమాచారం రాదు. మీరు 30 అన్నరు, పంపు ఎంత మీద ఉన్నది, ఎంత కరెంటు గుంజుతున్నది, ఏ ఫాల్ట్ మీద ఆగింది, ఏదీ తెల్వదు. ఆర్‌ఎస్-485 తీగల మీద మోడ్‌బస్ (డ్రైవుతో మాట్లాడే భాష) ఉంటే అన్నీ కనిపిస్తయి. డెల్టా కంపెనీ ఈఎల్ వరుస డ్రైవు ఉదాహరణకు తీసుకుంటే: 2000 హెక్స్ (పదహార్ల లెక్క అంకె) రిజిస్టరుల, అంటే డ్రైవు లోపలి ఒక గడిల, ఆజ్ఞ రాస్తరు, ముందుకు నడువు అంటే 18, ఆగు అంటే 1. 2001 హెక్స్‌ల ఫ్రీక్వెన్సీ, 30 హెర్ట్జ్ అంటే 3000. 2103 హెక్స్ నుంచి అసలు తిరుగుతున్న ఫ్రీక్వెన్సీ, 2104 నుంచి కరెంటు చదువుతరు. హోమ్ అసిస్టెంట్‌ల మామూలు పదుల లెక్కల (డెసిమల్) అడిగితే అవి వరుసగ 8192, 8193, 8451, 8452. వేరే కంపెనీ డ్రైవుకు ఈ అంకెలు మారుతయి, దాని మాన్యువల్ చివరి అధ్యాయంల పట్టిక ఉంటది. కొన్ని మాన్యువళ్లు రిజిస్టర్లను 1 నుంచి లెక్కపెడుతయి, పరికరం 0 నుంచి. చదివిన విలువ పక్క రిజిస్టరుది లెక్క అనిపిస్తే ఒకటి తగ్గించి చూడండి.

మోటారు మీదనే డ్రైవు వచ్చే పంపులన్నీ మోడ్‌బస్ మాట్లాడవు. పెంటెయిర్ ఇంటెలిఫ్లో ఆర్‌ఎస్-485 మీదనే నడుస్తది, 9600 బాడ్ వేగం, ఆకుపచ్చ, పసుపు తీగలు రెండే డేటా. కానీ భాష దాని సొంతం. నోడ్‌జేఎస్ పూల్‌కంట్రోలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ భాష తెలుసు. ఆ పంపుకు ఆజ్ఞను ఒక్కసారి చెప్పి ఊకుంటే సరిపోదు, ఆపకుండ మళ్లీ మళ్లీ పంపుతుండాలె. ఆగితే పంపు తన సొంత షెడ్యూలుకు పోతది.

పంపు రూముల ఈఎస్‌పీ-32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు), దానికి ఐసొలేటెడ్ ఆర్‌ఎస్-485 మాడ్యూల్, మీద ఈఎస్‌పీ హోమ్ (ఆ బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్). చవక మ్యాక్స్-485 మాడ్యూల్ 5 వోల్టులది, ఈఎస్‌పీ-32 పిన్ను 3.3 వోల్టులది. రిసీవ్ పిన్ను నుంచి 5 వోల్టులు బోర్డుల పడతయి. కొన్నాళ్లు నడుస్తది, తర్వాత ఆ పిన్ను పోతది. మ్యాక్స్-3485 ఉన్న మాడ్యూల్ అడిగి తీసుకోండి. డ్రైవు మీది ఆర్‌జే-45 సాకెట్ చూసి నెట్‌వర్క్ స్విచ్చుకు కలపొద్దు. అది ఈథర్‌నెట్ కాదు, కొన్ని పిన్నులల సప్లై వోల్టేజి ఉంటది.

వైఫై పోతే ఏమైతదనేది అసలు ప్రశ్న. షెడ్యూలును హోమ్ అసిస్టెంట్‌ల కాదు, ఈఎస్‌పీ బోర్డులనే రాసుకోండి. ఇంటి నుంచి వచ్చేది మార్పులే. బోర్డుకు ఒక చిన్న గడియారం చిప్పు, డీఎస్-3231, పెడితే వైఫై లేకున్నా టైము తప్పదు. ఈఎస్‌పీ హోమ్‌ల ఇంకోటి గుర్తుంచుకోండి. ఏపీఐ కనెక్షను (హోమ్ అసిస్టెంట్‌తో సంబంధం) 15 నిమిషాలు లేకుంటే బోర్డు తనంత తానే రీస్టార్ట్ కావాలని ముందే పెట్టి ఉంటది, దాన్ని సున్న చేయండి. లేకుంటే ఇంట్ల కంప్యూటర్ చెడిన రోజు పంపు 15 నిమిషాలకోసారి ఆగి లేస్తది.

ఈఎస్‌పీయే చస్తే? డ్రైవు చివరిగ విన్న స్పీడు మీద అట్లనే నడుస్తుంటది. అందుకని డ్రైవుల కమ్యూనికేషన్ టైమౌట్ పెట్టాలె. ఈఎల్ వరుసల 09.03ల సెకన్లు, 09.02ల ఏం చేయాల్నో. 10 సెకన్లు, మెల్లగ ఆగు అని పెట్టండి. రిలేలు ఎందుకన్ననంటే ఇందుకే: తలుపు పక్కన మూడు పొజిషన్ల సెలెక్టర్ స్విచ్చు పెట్టి, చేతి వైపు తిప్పితే డిజిటల్ ఇన్‌పుట్ మీద 40 హెర్ట్జ్ నడిచేటట్టు, నడుమ ఆఫ్, అటువైపు ఆటో. కొలను చూసుకునే మనిషికి ఫోన్ అక్కర లేదు. చేతి వైపు ఉన్నప్పుడు మోడ్‌బస్ ఆజ్ఞ చెల్లొద్దు.

పారామీటర్ రిజిస్టర్లలకు ఆటోమేషన్ నుంచి రాయొద్దు. అవి ఈఈప్రామ్‌ల (కరెంటు పోయినా నిలిచే మెమరీల) నిలుస్తయి, దానికి రాతల లెక్క పరిమితం. స్పీడు 2001లకే రాయండి.

మడికొండ తోట:

అందరికీ చాలా థ్యాంక్స్. 3 ఫేజు, ఆరు స్టడ్ల మోటారు, 1.5 కిలోవాట్ డ్రైవు, చెప్పినట్టే 4 చదరపు మి.మీ. వైరు, ఏ టైపు ఆర్‌సీసీబీ అయినయి. రెండు తిప్పలు మిగిలినయి. మోటారు ఆగి ఉన్నప్పుడు మోడ్‌బస్ బాగ చదువుతున్నది, స్టార్ట్ చేయంగనే సగం రీడింగులు పోతున్నయి, స్పీడు పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ. డ్రైవు, ఈఎస్‌పీ ఒకటే డబ్బాల ఉన్నయి. పంపు 6 మీటర్ల దూరంల ఉన్నది. రెండోది, రోజుకు ఒకసారైనా ఆర్‌సీసీబీ పడుతున్నది, మామూలుగ పొద్దున స్టార్ట్ అయినప్పుడు.

కాజీపేట మోడ్‌బస్:

ఆగి ఉన్నప్పుడు చదువుతున్నదంటే ఏ, బీ తీగలు తారుమారు కాలేదు, స్లేవ్ నంబరు (మోడ్‌బస్ మీద డ్రైవు చిరునామా), బాడ్ రేటు సరిగ్గనే ఉన్నయి. ఇది నాయిస్, మోటారు తీగల నుంచి డేటా తీగలకు తగిలే అలజడి. డబ్బా తెరిచి చూడండి, మోటారుకు పోయే మూడు తీగలు, ఆర్‌ఎస్-485 జత ఒకే కేబుల్ డక్టుల పక్కపక్కన పోతుంటయి. 485ను డబ్బా ఇంకో అంచు నుంచి తీయండి, కనీసం 30 సెంటీమీటర్ల ఎడం. దాటక తప్పని చోట అడ్డంగ, 90 డిగ్రీల మీద దాటాలె. క్యాట్-6 కేబుల్‌ల ఒక జతనే ఏ, బీకి వాడాలె. ఏ ఒక జతల, బీ ఇంకో జతల పెడితే పురి తిప్పినదానికి అర్థం లేదు. మూడో తీగ గ్రౌండు కలిపిన్రా? రెండు తీగలు చాలంటరు, చాలవు. 120 ఓమ్ రెసిస్టరు ఒక మీటరు కేబుల్‌కు అక్కర లేదు.

ఈఎస్‌పీ అడాప్టర్‌ను కూడా చూడండి. ఫోన్ చార్జర్ పెట్టి ఉంటే తీసి, 5 వోల్టుల డిన్ రైలు సప్లై పెట్టండి.

ప్యానెల్ పని:

ఆర్‌సీసీబీకి ముందు న్యూట్రల్ చూడండి. ఆర్‌సీసీబీ దాటినంక పంపు న్యూట్రల్ పంపు రూము లైటు న్యూట్రల్‌తో ఎక్కడన్న కలిసిందా? లైటు ఫేజు వేరే ఎంసీబీ నుంచి వస్తే, లైటు వేసినప్పుడల్లా ఆ తేడా ఆర్‌సీసీబీకి లీకేజీ లెక్కనే కనిపిస్తది. పొద్దునే పడుతున్నదంటే నాకు దీని మీదనే అనుమానం ఎక్కువ. రెండు న్యూట్రళ్లు విడదీసి రెండు రోజులు చూడండి.

అది కాకుంటే డ్రైవు క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవు పల్సులు కొట్టే వేగం). సప్పుడు రావద్దని 12 కిలోహెర్ట్జ్ పెట్టి ఉంటరు. ఎంత పెంచితే మోటారు కేబుల్ నుంచి ఎర్తుకు అంత లీకవుతది. 4కి దించండి, సన్నగ కూత వినిపిస్తది, పంపు రూముల అది లెక్కలకు రాదు. మోటారు కేబుల్ షీల్డ్ ఉన్నది వేసి, షీల్డును డ్రైవు దగ్గర, మోటారు దగ్గర రెండు చోట్లా ఎర్తుకు కలపండి. 485 షీల్డు మాత్రం ఒక్క చివరే. ఈ రెండు నియమాలు ఒకదానికొకటి ఎదురున్నట్టు అనిపిస్తయి గానీ రెండూ సరైనవే. ఇది చేస్తే మీ మోడ్‌బస్ నాయిస్ కూడా సగం పోతది. ఆర్‌సీసీబీ పడుతున్నదని 100 మిల్లీఆంపియర్లది మాత్రం పెట్టకండి, ఈతకొలను దగ్గర 30 దాటొద్దు.

నీటి లెక్క:

డబ్బా ఎక్కడ పెట్టిన్రో చెప్పలేదు. డ్రైవును పడమటి గోడకు, ఎండ తగిలే చోట పెట్టొద్దు. మే నెలల మనకు బయటనే 44, 45 ఉంటది, మూసిన ఇనుప డబ్బాల ఇంకో 10 కలుస్తది. 40 డిగ్రీలు దాటితే చాలా డ్రైవులు పూర్తి కరెంటు ఇయ్యవు. 30 హెర్ట్జ్ మీద నడిస్తే వేడి తక్కువే, బ్యాక్‌వాష్‌ను పొద్దుగాల పెట్టుకోండి.

యాసిడ్ డబ్బాలు, క్లోరిన్ ఆ రూముల ఉంటే వేరే చోటికి మార్చండి, మూత గట్టిగ ఉన్నా సరే. ఆ ఆవిరి తగిలిన టెర్మినల్ దగ్గర స్క్రూ ఇప్పి చూస్తే రాగి పోగుల మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తది, వేలితో రాస్తే రాలుతది. ఆ ముడి ముందు వేడెక్కుతది, తర్వాత మాడుతది. పోగులకు టిన్ పూత లగ్గులు కొట్టి బిగించండి, వట్టి తీగను స్క్రూ కింద పెట్టొద్దు.

కేబుల్ దూర్చిన రంధ్రాలన్నిటికీ గ్లాండ్లు బిగించి, ఖాళీగ మిగిలినవాటిని మూయండి. డ్రైవు ఎచ్చగ ఉంటది కాబట్టి చలికాలం రాత్రిళ్లు బల్లులు అందుల దూరుతయి, ఫేజుకు ఎర్తుకు అడ్డంగ పడతయి. ఫ్యాను రంధ్రానికి 2 మి.మీ. కన్నుల జాలి స్క్రూలతో బిగించండి. బంక పెట్టి అతికిస్తే ఒక్క ఎండాకాలానికే ఊడుతది.